బాలల మనోవికాసానికి కథాపఠనం

మంచిర్యాల జిల్లాలోని బొగ్గుగనుల పట్టణమైన మందమర్రిలో గని కార్మిక కుటుంబాల దినచర్యను షిఫ్టులే నిర్ణయిస్తాయి. తండ్రి రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి పగలు నిద్రించే ఇంట పిల్లలు చప్పుడు చేయకుండా మసలుకోవలసి ఉంటుంది. గనిలో ప్రమాదం జరిగిందన్న వార్త వచ్చిననాడు వాడంతటా కమ్ముకొనే భయం పసివారికీ తెలుస్తుంది. అయితే దానిని చెప్పుకొనేందుకు వారికి మాటలు చాలవు. ఆ మాటలను అందించగల సాధనాలలో కథ ఒకటి.

"నీకు భయమా?" అని అడిగితే తల వంచుకొనే బాలుడు, కథలోని కుందేలుపిల్ల పొదలో ఎందుకు దాగిందని అడిగితే వెంటనే చెప్పగలడు. పలుమార్లు అతడు చెప్పేది తన భయాన్నే. ఒకటి, రెండు తరగతులలో ఉపాధ్యాయులు రోజుకు పది నిమిషాలు బొమ్మల పుస్తకాన్ని పైకి చదివి, మధ్యలో ఆగి ఇటువంటి ప్రశ్నలు వేస్తే చాలును. మాట్లాడని పిల్లలను బలవంతపెట్టరాదు. ఇంటి సంగతులు బయటపడినప్పుడు వాటిని పదిమందిలో ప్రస్తావించరాదు.

పై తరగతులకు, జపాన్ రచయిత్రి తెత్సుకో కురోయానాగి 1981లో వెలువరించిన బాల్యస్మృతులు 'రైలుబడి' పేరిట తెలుగులో ఉన్నవి. అల్లరిపిల్ల అని ఒక బడి పంపివేసిన బాలిక మాటలను కొత్త బడి ప్రధానోపాధ్యాయుడు తొలిరోజే నాలుగు గంటలపాటు విన్నారు. పోలియో సోకిన మిత్రుణ్ణి ఆ బాలిక ఎంతో శ్రమించి చెట్టెక్కించిన ఘట్టం తరగతిలో చదివించదగినది. అయితే చదివిన వెంటనే "ఇందులోని నీతి ఏమిటి?" అని అడిగే పాత అలవాటును విడనాడవలసి ఉన్నది. ఆ ప్రశ్నతో పిల్లలు ఉపాధ్యాయుడు కోరే జవాబును వెతుకుతారే తప్ప తమకు తోచినది చెప్పరు.

ఇందుకు కొత్త పథకం అవసరం లేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి పాఠశాలలో కథల పుస్తకాలతో కూడిన గ్రంథాలయం ఉండాలని నిర్దేశించింది. 2020 జాతీయ విద్యావిధానం సామాజిక, భావోద్వేగ సామర్థ్యాలను విద్యా లక్ష్యాలలో చేర్చింది. చిక్కు బీరువా తాళం వద్ద ఉన్నది. పుస్తకం చినిగితే సంజాయిషీ ఇవ్వవలసి వస్తుందన్న జంకు పలు పాఠశాలలలో కనిపిస్తుంది. చినిగిన పుస్తకాన్ని చదివిన పుస్తకంగా లెక్కించే వెసులుబాటును తనిఖీ అధికారులు కల్పించవలసి ఉన్నది.

పుస్తకాల ఎంపికలో ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన వాసాల నర్సయ్య, పత్తిపాక మోహన్ రచనలను కూడా పరిశీలించవచ్చు. వీరు వరుసగా 2017, 2022 సంవత్సరాలకు కేంద్ర సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం అందుకొన్నారు.