పటేల్ స్టేడియం మా పిల్లలకెందుకు?

మాది తల్లాడ. పోలీసు కొలువుకు తయారవుతున్న మా అమ్మాయిని తొలి బస్సుకి వైరా మీదుగా ఖమ్మం సర్దార్ పటేల్ స్టేడియానికి తీసుకెళ్తుంటాను. 2022 నోటిఫికేషన్లో ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలన్నారు. అంటే 400 మీటర్ల ట్రాక్‌పై రెండు చుట్లు. ఊళ్లో తారురోడ్డు మీద ఉరికితే పిక్కలు పట్టేస్తాయి, లారీల భయం వేరే. స్టేడియంలోనైతే వాకింగ్‌కొచ్చే ఓ పెద్దాయన వాచీ చూస్తూ, చివరి మలుపులో "ఇంకొంచెం, తల్లీ!" అని కేకేస్తారు. ఆ కేకకే మా పిల్ల కాళ్లకు ఊపొస్తుంది.

2022 నుంచి ఊరూరా క్రీడా ప్రాంగణాలు వచ్చాయి. కబడ్డీకి, వాలీబాల్‌కి సరే. పరుగుకి జాగా చాలదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కాబట్టి మా అమ్మాయికి ఛార్జీ బాధ తప్పింది. మగపిల్లలకు అదీ లేదు. తల్లాడలోనే ఒక ట్రాక్ వేయమని అడుగుతున్నాం.