మీకు తెలుసా? హెడ్‌లైట్ గాజు మీదే ఉంది గుట్టు

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వెళితే అమ్మేవాళ్లు గొప్పగా చెప్పే మాటల్లో ఒకటి: 'జెనాన్ లైట్లండీ, రాత్రి పూట పగలే!' ఆ జెనాన్ కంపెనీ బిగించిందా, యాక్సెసరీస్ షాపువాడు బిగించిందా అన్నది మాత్రం చెప్పరు. అది తేల్చుకోవడానికి స్పానర్ అక్కర్లేదు. సగం సంగతి బ్యానెట్ ఎత్తకుండానే తెలుస్తుంది. హెడ్‌లైట్ గాజు మీద ఏదో ఒక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో, కంపెనీయే రాసి పెట్టి ఉంటుంది.

ఫోన్ టార్చి వేసి ఆ రాత వెతకండి. గుండ్రటి గీతలో 'ఈ' అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కనే ఒక అంకె ఉంటాయి. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల కింద ఆ లైటుకు ఆమోదం ఇచ్చిన దేశం గుర్తు అది. 1 అయితే జర్మనీ, 2 ఫ్రాన్స్, 4 నెదర్లాండ్స్, 11 బ్రిటన్. లైటు తయారైన దేశం అదేనని కాదు, పరీక్షించి సరేనన్న దేశం అది. మనకు కావలసింది దాని దగ్గరే ఉంటుంది: 'హెచ్‌సీ', 'హెచ్‌సీఆర్', 'డీసీ', 'డీసీఆర్' లాంటి అక్షరాల గుంపు. మొదటి అక్షరం చాలు. 'హెచ్' అంటే హాలోజన్. 'డీ' అంటే డిశ్చార్జ్, తీగ కాలడం వల్ల కాకుండా వాయువులో పుట్టే మెరుపుతో వెలిగేది. జెనాన్ ఆ జాతిదే. 'సీ' లో బీమ్‌కి, 'ఆర్' హై బీమ్‌కి గుర్తు. గాజు మీద 'హెచ్' తప్ప 'డీ' కనిపించకుండా లోపల జెనాన్ వెలుగుతోందంటే అది తర్వాత పెట్టించినదే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒకే కారులో కింది మోడల్‌కి హాలోజన్, టాప్ మోడల్‌కి జెనాన్ ఇచ్చేటప్పుడు కొన్ని కంపెనీలు రెండింటికీ ఒకే గాజు వాడతాయి. అప్పుడు ఆ గాజు మీద రెండు రకాల అక్షరాలూ ఉండొచ్చు, నిబంధన అందుకు ఒప్పుకుంటుంది. అలాంటప్పుడు గాజును వదిలేసి వెనక ఉన్న ప్లాస్టిక్ డబ్బా మీద చూడాలి. అసలు బల్బు రకం అక్కడ ఉంటుంది. డీ1ఎస్, డీ2ఎస్, డీ3ఎస్, డీ4ఆర్... ఇలా 'డీ'తో మొదలైతే జెనాన్ కోసమే పుట్టిన లైటు. హెచ్4, హెచ్7, హెచ్11, హెచ్‌బీ3 అని ఉంటే హాలోజన్ కోసం పుట్టింది. ఆన్‌లైన్‌లో 'హెచ్7 జెనాన్', 'హెచ్4 హెచ్‌ఐడీ' (హెచ్‌ఐడీ అన్నా ఈ డిశ్చార్జ్ లైటే) అని అమ్ముతారే, ఆమోదం పొందిన బల్బుల జాబితాలో అలాంటి జెనాన్ బల్బు ఏదీ లేదు. హాలోజన్ బల్బు కూర్చునే గూటిలో పట్టేలా జెనాన్ గొట్టానికి మొదలు తగిలించిన సరుకు అది.

ఇంతకీ జెనాన్ బల్బులో ఏముంది?

తీగ లేదు. సుమారు 4 మిల్లీమీటర్ల ఎడంలో రెండు ఎలక్ట్రోడ్లు, చుట్టూ జెనాన్ వాయువు, కొన్ని లోహ లవణాలు, అంతే. 1898లో విలియమ్ రామ్‌సే, మోరిస్ ట్రావర్స్ లండన్‌లో కనిపెట్టిన ఈ వాయువు మనం పీల్చే గాలిలో కోటి పాళ్లకు ఒక పాలు కూడా ఉండదు. బల్బును రగిలించడానికి 20 వేల వోల్టులకు పైగా కావాలి. వెలిగాక డీ1, డీ2 రకాలకు 85 వోల్టులు, పాదరసం లేని డీ3, డీ4 రకాలకు 42 వోల్టులు చాలు. ట్యూబ్‌లైట్‌కి చోక్ ఎలాగో దీనికి బలాస్ట్ అలాగ. 55 వాట్ల హెచ్7 హాలోజన్ 1,500 ల్యూమెన్ల వెలుగిస్తే, 35 వాట్ల డీ2ఎస్ 3,200 ల్యూమెన్లు ఇస్తుంది. తక్కువ కరెంటుకు రెట్టింపు వెలుగు. మోజుకు కారణం అదే, ఎదుటివాళ్ల కష్టానికి కారణమూ అదే.

జెనాన్ లో బీమ్‌తో మార్కెట్లోకి వచ్చిన తొలి కారు 1991 నాటి బీఎండబ్ల్యూ 7 సిరీస్. హై బీమ్‌కి అందులో హాలోజనే ఉండేది. ఒకే బల్బు రెండు పనులూ చేసే బై-జెనాన్ 1999లో మెర్సిడెస్ సీఎల్‌తో వచ్చింది. మన దేశంలో చాలాకాలం ఇది ఖరీదైన కార్ల సొత్తుగానే ఉంది. 2015లో మారుతి బలెనో ఆల్ఫా మోడల్‌లో బై-జెనాన్ పెట్టేసరికి హ్యాచ్‌బ్యాక్ కొన్నవాళ్లకీ దక్కింది. అందుకే 'చిన్న బండిలో కంపెనీ జెనాన్ ఎక్కడుంటుంది' అని కొట్టిపారేయకండి. బలెనో అయితే ముందు అది ఆల్ఫానా కాదా అని అడగాలి.

రంగు చూసి మోసపోవద్దు

వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు; కంపెనీ బల్బులది ఇంచుమించు 4,300 కెల్విన్ దగ్గర ఉంటుంది. చూడ్డానికి తెలుపే, రవ్వంత వెచ్చదనంతో. నీలంగా, ఊదాగా వెలిగే 8,000, 10,000 కెల్విన్ సరుకును ఏ కార్ల కంపెనీ ఫ్యాక్టరీలోనూ బిగించరు. ఈ నీలం పిచ్చి ఎలా మొదలైందో చెబితే నవ్వొస్తుంది. అసలు జెనాన్ ప్రొజెక్టర్ లెన్స్ అంచు దగ్గర వెలుగు విడిపోయి సన్నని నీలి చార పడుతుంది. బండి గతుకులో పడి లేచినప్పుడు ఆ చార ఎదుటివాళ్ల కంటికి తళుక్కుమంటుంది. రోడ్డు మీద పడే వెలుగు మాత్రం తెల్లనే. దూరం నుంచి ఆ తళుకు చూసినవాళ్లు ఖరీదైన కారు లైటంటే నీలమేననుకున్నారు, షాపులవాళ్లు నీలం బల్బులు తెచ్చి పోశారు. కెల్విన్ అంకె పెరిగేకొద్దీ రోడ్డు మీద పడే వెలుగు తగ్గుతుందన్న సంగతి డబ్బా మీద రాయరు. వానలో అలాంటి బండి నడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు.

నీలిరంగు పూత పూసిన మామూలు హాలోజన్ బల్బులూ 'జెనాన్ ఎఫెక్ట్' పేరుతో దొరుకుతాయి. వీటిని పట్టుకోవడం చిటికెలో పని. స్విచ్ వేయగానే హాలోజన్ గానీ ఎల్‌ఈడీ గానీ పూర్తి వెలుగుతో వెలుగుతుంది. జెనాన్ మొదట నీలంగా తటాలున వెలిగి, కొన్ని సెకన్లలో రంగు మారుతూ పూర్తి తెలుపుకు వస్తుంది. అయితే షాపువాడు బిగించే జెనాన్ కిట్టూ ఇలాగే వెలుగుతుంది. ఈ పరీక్షతో జెనానా కాదా అని తెలుస్తుందే తప్ప, ఎవరు బిగించారో తెలియదు.

దాని కోసం బండిని గోడకు ఎదురుగా ఏడెనిమిది మీటర్ల దూరంలో నిలిపి లైటు వేయండి. ఆటోమేటిక్ లెవెలింగ్ ఉన్న చాలా కార్లలో వెలుగు ఒకసారి కిందికి దిగి, పైకి లేచి, కుదురుకుంటుంది. లైటు తనను తాను సరిచూసుకోవడం అది. ఐరోపా నిబంధనల ప్రకారం 2,000 ల్యూమెన్లు దాటిన లో బీమ్‌కు ఈ లెవెలింగ్‌తో పాటు లైటు గాజు కడిగే వాషర్ కూడా ఉండి తీరాలి. డిక్కీలో సామాను, వెనక సీట్లో ముగ్గురు ఎక్కితే బండి ముక్కు పైకి లేస్తుంది. అంత వెలుగు అప్పుడు ఎదుటి డ్రైవరు కళ్లలోకి పోకూడదని లెవెలింగ్. గాజు మీది దుమ్ము వెలుగును చెదరగొట్టకూడదని వాషర్. ముందు బంపర్ మీద లైట్ల కింద చిన్న మూతలు గానీ నాజిళ్లు గానీ కనిపిస్తే అవి వాషర్లే. చక్రం పక్కన సస్పెన్షన్ ఆర్మ్‌కు తగిలించి, చిన్న కడ్డీతో కదిలే సెన్సర్ ఉంటే అది లెవెలింగ్‌ది. రెండూ ఉంటే కంపెనీ జెనాన్ అని చెప్పడానికి గట్టి ఆధారం. ఏ షాపువాడూ ఇంత శ్రమ పడడు.

దీనికి తిరగేసిన సాక్ష్యం స్టీరింగ్ దగ్గర ఉంటుంది. 0, 1, 2, 3 అని తిప్పే లెవెలింగ్ చక్రం డ్యాష్‌బోర్డు మీద ఉందా? ఆటోమేటిక్ లెవెలింగ్ ఉన్న కారుకు దాని అవసరం లేదు. ఆ చక్రం ఉండి, లైటు మాత్రం జెనాన్ అయితే అనుమానపడండి.

అయితే వాషర్లు లేనంత మాత్రాన నకిలీ అని తీర్పు చెప్పకూడదు. 2,000 ల్యూమెన్ల గీత దాటకుండా 25 వాట్ల డీ5ఎస్, డీ8ఎస్ బల్బులు తయారుచేశారు, అవి ఉన్న కారుకు ఐరోపాలోనే వాషర్లు తప్పనిసరి కాదు. అమెరికాలో ఆ నిబంధనే లేదు. కాబట్టి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పాత కారు కొనే మనవాళ్లు బంపర్ చూసి లాభం లేదు, హెడ్‌లైట్ మీద 'డీఓటీ' (అమెరికా రవాణా శాఖ గుర్తు) అక్షరాల దగ్గర రాసిన బల్బు రకం చూసుకోవాలి.

బ్యానెట్ ఎత్తాక

ముందు లైట్లు ఆపండి, ఇంజిన్ ఆపండి. 20 వేల వోల్టులతో చెలగాటం వద్దు. కంపెనీ బలాస్ట్ హెడ్‌లైట్ డబ్బాకే స్క్రూలతో బిగించి గానీ, డబ్బా లోపలే గానీ ఉంటుంది. పైన హై వోల్టేజ్ హెచ్చరిక స్టిక్కర్ ఉంటుంది. వైర్లు బండి అసలు వైరింగ్‌లోంచే వస్తాయి, బయట వేలాడవు. షాపు పని ఇంకోలా ఉంటుంది. బలాస్ట్‌ని రెండు వైపులా అంటుకునే టేపుతోనో ప్లాస్టిక్ ట్యాగ్‌తోనో దొరికిన చోట కట్టేస్తారు. బల్బు వెనక రబ్బరు మూతకు కన్నం పొడిచి వైర్లు తీస్తారు. బ్యాటరీ నుంచి రిలేతో కొత్తగా లాగిన వైరు కనిపిస్తుంది. ఆ కన్నంలోంచి తేమ పోయి గాజు లోపల ఆవిరి పట్టిన బళ్లూ ఉంటాయి. డ్యాష్‌బోర్డులో బల్బు పోయిందన్న హెచ్చరిక వెలగడం, లైటు మిణుకుమనడం, ఎఫ్ఎమ్ రేడియోలో గరగర వినిపించడం కూడా చవక కిట్ల లక్షణాలే.

ప్రొజెక్టర్ లెన్స్ ఉంటే చాలు, జెనాన్ అనేస్తారు కొందరు. ఆ గుండ్రటి గాజు కన్ను హాలోజన్‌కీ ఉంటుంది, ఎల్‌ఈడీకీ ఉంటుంది. తిరగేస్తే, రిఫ్లెక్టర్‌లో, అంటే వంపు అద్దంలో, వెలిగే అసలు జెనాన్ కూడా ఉంది. బల్బు పేరు చివర 'ఎస్' ఉంటే ప్రొజెక్టర్‌కు, 'ఆర్' ఉంటే రిఫ్లెక్టర్‌కు చేసినట్టు. ఈ 'ఆర్' బల్బుల గాజు మీద నల్లటి పట్టీ పూసి ఉంటుంది, వెలుగు పోకూడని వైపు పోకుండా.

హాలోజన్ రిఫ్లెక్టర్‌లో జెనాన్ పెడితే జరిగేది ఇదీ. ఆ అద్దపు వంపులన్నీ హాలోజన్ తీగ ఎక్కడుంటుందో, ఎంత పొడవుంటుందో లెక్కగట్టి తీర్చినవి. తీగ తిన్నగా ఉంటుంది. జెనాన్ మెరుపు విల్లులా వంగి, కొసల దగ్గర మరీ కాంతిమంతంగా ఉంటుంది. హెచ్4 బల్బులో లో బీమ్ తీగ కింద చిన్న లోహపు దొన్నె ఉండి వెలుగును కిందికే పంపుతుంది. కిట్టులో ఆ పని కుదరక, కొన్నింటిలో అయస్కాంతంతో బల్బునే ముందుకూ వెనక్కూ జరుపుతారు. వెలుగు అంచు చెదిరిపోతుంది. నడిపేవాడికి బ్యానెట్ ముందు రోడ్డంతా తెల్లగా మెరిసి భలే ఉందనిపిస్తుంది, దూరం మాత్రం కనబడదు. ఎదురొచ్చేవాడికి అసలేమీ కనబడదు. విజయవాడ హైవే మీద డివైడర్ మొక్కలు ఎండిపోయిన చోట రాత్రి పూట నడిపిన ఎవరినైనా అడగండి. నా మటుకు నాకు, ఈ కిట్లు అమ్మడాన్నే ఆపాలనిపిస్తుంది.

అసలు జెనాన్ లైట్ల విలువ దొంగలకు బాగా తెలుసు. 2002, 2003 మోడల్ నిస్సాన్ మాక్సిమా కార్ల జెనాన్ హెడ్‌లైట్లు న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాల్లో విపరీతంగా దొంగతనానికి గురయ్యాయి. తేలిగ్గా ఊడొచ్చేవి, మార్కెట్లో మంచి రేటు పలికేవి.

గాజూ డబ్బా చూసినా తేలకపోతే ఛాసిస్ నంబర్ ఉంది. కంపెనీ సర్వీస్ సెంటర్లో ఆ నంబరు కొట్టి ఫ్యాక్టరీ నుంచి ఏ ఏ హంగులతో వచ్చిందో చూడమనండి. బీఎండబ్ల్యూ అయితే ఆ జాబితాలో 522 అన్న కోడ్ ఉంటే జెనాన్‌తోనే పుట్టిన కారు. కింది మోడల్‌కి టాప్ మోడల్ హెడ్‌లైట్లు మొత్తంగా మార్చినా ఇక్కడ దొరికిపోతుంది. అది కిట్టు కంటే వెయ్యి రెట్లు నయమే కానీ, లెవెలింగ్ సెన్సర్లు కూడా మార్చారా అని అడగడం మరవకండి.

బ్రిటన్‌లో హాలోజన్ హెడ్‌లైట్‌కు హెచ్‌ఐడీ బల్బు బిగించిన కారు ఎమ్ఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్షలో ఫెయిల్. మన దగ్గర మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. కాబట్టి మీరు చూసిన బండిలో కిట్టు ఉందని తేలితే, 'ఎక్స్‌ట్రా ఫిట్టింగ్' అని ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. డబ్బు చేతిలో పెట్టే ముందే ఆ కిట్టు తీయించి, కోసిన వైరింగ్ సరిచేయించి, కంపెనీ చెప్పిన హాలోజన్ బల్బులు పెట్టించి ఇమ్మనండి.