సాఫ్ట్‌వేర్‌లో మార్పులు – క్షేత్రస్థాయి సిబ్బందికి సకాలంలో సమాచారం
రిలీజ్ నోట్స్ స్వయంచాలక తయారీపై ప్రత్యేక వ్యాసం

తిరుపతి: ప్రభుత్వ కార్యాలయాలలో వినియోగించే సాఫ్ట్‌వేర్‌ను సవరించిన ప్రతిసారీ, అందులో ఏమి మారినదో తెలియజేసే వివరణ పత్రం వెలువడవలసి ఉంటుంది. దీనిని సాంకేతిక నిపుణులు రిలీజ్ నోట్స్ అని వ్యవహరిస్తారు. శాఖాధిపతులు జారీ చేసే సర్క్యులర్‌కు, ఈ పత్రానికి ప్రయోజనం ఒక్కటే. అయితే సర్క్యులర్ అందనిదే క్షేత్రస్థాయిలో కొత్త విధానం మొదలు కాదు. రిలీజ్ నోట్స్ అందకపోయినా సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ రాత్రికే మారిపోతుంది. ఇబ్బంది అంతా ఇక్కడే ఉన్నది.

చిత్తూరు జిల్లాకు ఈ విషయంతో దగ్గరి సంబంధం కలదు. 2011 నవంబరు 4న మీసేవ ఈ జిల్లాలోనే రెవెన్యూ, రిజిస్ట్రేషన్ శాఖలకు చెందిన 10 సేవలతో ప్రారంభమైనది. అనంతరం సేవల సంఖ్య వందలకు చేరినది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు, 2025 జనవరి 30న 161 సేవలతో వాట్సాప్ ఆధారిత 'మన మిత్ర' అందుబాటులోకి వచ్చాయి. ఒకే ధ్రువీకరణ పత్రాన్ని పలు మార్గాలలో అందించేటప్పుడు, ఒక చోట జరిగిన మార్పు మిగిలిన చోట్ల పనిచేసే వారికి కూడా తెలియాలి.

జిల్లాల పునర్వ్యవస్థీకరణను ఇందుకు ఉదాహరణగా తీసుకొనవచ్చును. 66 మండలాలతో ఉన్న పూర్వపు చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న విభజింపబడినది. మదనపల్లె ప్రాంతం అన్నమయ్య జిల్లాలోనికి వెళ్లగా, నెల్లూరు జిల్లాలోని సూళ్లూరుపేట ప్రాంతం కొత్త తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లా పేరు, కోడ్ నమోదు చేసే ప్రతి సాఫ్ట్‌వేర్‌ను ఇటువంటి సందర్భంలో సవరించక తప్పదు. ఆ సవరణను "చిన్నచిన్న మార్పులు చేయబడినవి" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టినట్లయితే, ఉపకార వేతనం గడువు దగ్గరపడి ఆదాయ ధ్రువీకరణ కోసం వచ్చిన విద్యార్థి ఎదుట నిలబడినప్పుడే, తన మండలం పాత జాబితాలో లేదన్న సంగతి ఆపరేటర్‌కు తెలుస్తుంది.

ఈ పత్రాలను చేతితో తయారు చేసే పద్ధతిలో, విడుదలకు ముందురోజు ఒకరు కూర్చొని నెల రోజుల మార్పులను జ్ఞాపకం చేసుకొని వ్రాస్తారు. సహజంగానే కొన్ని విడిచిపోతాయి. స్వయంచాలక విధానం ఆధారపడేది జ్ఞాపకంపై కాదు, రికార్డుపై. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించిన గిట్ వంటి వ్యవస్థలలో ప్రతి మార్పు తేదీతో, చేసిన వారి పేరుతో, ఒక సందేశంతో నమోదవుతుంది. ప్రతి విడుదల వద్ద ట్యాగ్ అనే గుర్తు ఉంచుతారు. గత ట్యాగ్ నుండి ప్రస్తుత ట్యాగ్ వరకు గల సందేశాలను యంత్రం సేకరించి పత్రంగా అమర్చుతుంది. కొత్త సదుపాయమైతే 'ఫీట్', లోప సవరణ అయితే 'ఫిక్స్' అని సందేశానికి ముందు చేర్చే అలవాటు ఉన్నచో వర్గీకరణ కూడా దానంతటదే జరుగుతుంది. సంచిక సంఖ్యను సైతం ఇదే ఆధారంతో నిర్ణయించవచ్చును. 2.4.1 అనే సంఖ్యలో మొదటి అంకె పెరిగితే పాత విధానంతో పొసగని మార్పు వచ్చినదని, రెండవది పెరిగితే కొత్త సదుపాయం చేరినదని, మూడవది పెరిగితే లోపం సరిచేయబడినదని అర్థం. గిట్‌హబ్ సంస్థ 2021లో ఇటువంటి సదుపాయాన్ని తన వేదికపైనే ప్రవేశపెట్టినది.

అయితే యంత్రం సేకరించగలదే గాని, వ్రాయని దానిని ఊహించలేదు. "ఫిక్స్: జాబితా సరిచేయబడినది" అని ప్రోగ్రామర్ వ్రాస్తే పత్రంలోనూ అదే వస్తుంది. "ఫిక్స్: సూళ్లూరుపేట మండలం ఇకపై తిరుపతి జిల్లా కింద కనిపించును, పాత దరఖాస్తులలో జిల్లా పేరు మారదు" అని వ్రాస్తే తహశీల్దారు కార్యాలయంలోని కంప్యూటర్ ఆపరేటర్‌కు అది నేరుగా ఉపయోగపడుతుంది. రెండవ వాక్యం వ్రాయడానికి అదనంగా పట్టేది ఒక నిమిషం. కావున సందేశం నిర్ణీత నమూనాలో లేనిచో మార్పును స్వీకరించకుండా తిప్పి పంపే ఏర్పాటును ముందుగా చేసుకొనవలెను. పత్రం తయారీ సాధనం సంగతి ఆ తరువాత చూసుకొనవచ్చును. సిబ్బంది కొరకు తెలుగులో ఒక వాక్యం వ్రాయుటకు నమూనాలోనే ప్రత్యేక గడి ఉంచడం మేలు. సాంకేతిక వాక్యాన్ని చివరి నిమిషంలో యంత్రంతో అనువదించి పంపితే అది ఎవరికీ అర్థం కాని భాషగా మిగిలే ప్రమాదమున్నది.

మరి రెండు జాగ్రత్తలు అవసరం. లోపాన్ని వివరించే తొందరలో దరఖాస్తుదారుని పేరో, ఆధార్ సంఖ్యో సందేశంలో చేర్చినట్లయితే, అది ఎవరి పరిశీలనా లేకుండానే బహిరంగ పత్రంలోనికి చేరుతుంది. అలాగే భద్రతా లోపాల సవరణ వివరాలు అన్ని సర్వర్లలోనూ ఆ సవరణ పూర్తయిన తరువాతనే వెల్లడి కావలెను. అందువలన యంత్రం తయారు చేసిన దానిని ముసాయిదాగానే పరిగణించి, బాధ్యతగల అధికారి చదివి ఆమోదించిన పిమ్మటనే విడుదల చేయుట సముచితం.

ఈ పత్రాలు పాత్రికేయులకు కూడా పనికివస్తాయి. ఒక సేవ ఫలానా తేదీ నుండి ఎందుకు నిలిచినది, దరఖాస్తులు ఎందుకు తిరస్కరణకు గురైనవి అన్న ప్రశ్న తలెత్తినప్పుడు, తేదీల వారీగా భద్రపరచిన రిలీజ్ నోట్స్‌ను చూసి, ఆ రోజు సాఫ్ట్‌వేర్‌లో మార్పు జరిగినదీ లేనిదీ నిర్ధారించుకొనవచ్చును.