కొనేముందు ఆ 13 అంకెలు చూడండి

పిల్లల్ని డిగ్రీకి అమెరికా పంపే ఇళ్లలో ఫీజుల లెక్క తేలాక వచ్చే ప్రశ్న: "మరి పుస్తకాలకెంత?" లెక్కలు, సైన్సు కోర్సుల్లో 'తప్పనిసరి' అని ఉన్న పుస్తకాల ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. నిదానంగా లెక్క వేద్దాం.

కాల్క్యులస్ పుస్తకం 200 డాలర్లనుకుందాం. డాలరు 85 రూపాయలైతే 17,000. పదిహేను వారాల సెమిస్టరు ఒక్కదానికే వాడితే వారానికి 1,130 పైచిలుకు. జేమ్స్ స్టీవర్ట్ 'కాల్క్యులస్' లాంటిది మూడు సెమిస్టర్లకు వస్తుంది. అప్పుడు వారానికి 380 లోపే. అందుకే ధరతో పాటు ఎన్నాళ్లు పనికొస్తుందో కూడా అడగాలి.

ఏ పుస్తకమో ముందే తెలుస్తుందా? తెలుస్తుంది. 2008లో అమెరికా చేసిన ఒక చట్టం ఇందుకు 2010 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అక్కడి కేంద్ర ప్రభుత్వ నిధులు అందుకునే కాలేజీలు కోర్సుల పట్టికలోనే వీలైనంత వరకు పుస్తకం ధర, ఐఎస్‌బీఎన్ చూపించాలి. ఐఎస్‌బీఎన్ అంటే వెనక అట్ట మీద బార్‌కోడ్ దగ్గరుండే 13 అంకెల గుర్తింపు సంఖ్య. పేరు అదే అయినా ఎడిషన్ మారితే ఈ సంఖ్య మారుతుంది.

పాత ఎడిషన్ చాలదా? స్టీవర్ట్ ఎనిమిదో ఎడిషన్ 2015లో, తొమ్మిదోది 2020లో వచ్చాయి. ఐదేళ్లలో కాల్క్యులస్ మారిపోదు, అభ్యాసాల వరస మారొచ్చు. "27వ లెక్క చేయండి" అంటే మీ పుస్తకంలో 27వది ఇంకో లెక్క కావచ్చు. ప్రొఫెసర్ సరేనంటే పాతది హాయిగా కొనుక్కోవచ్చు.

యాక్సెస్ కోడ్ సంగతి? ఆన్‌లైన్ హోంవర్కు తెరిచే తాళంచెవి అది. ఒకరు వాడేశాక సాధారణంగా మరొకరికి పనిచేయదు. సెకండ్‌హ్యాండ్ పుస్తకం చవకే అనిపించినా, కోడ్ కూడా కావాలంటే దాని ధర కలిపాకే కొత్తదానితో పోల్చండి.

డబ్బు పెట్టకుండా దొరికేవి లేవా? ఉన్నాయి. రైస్ యూనివర్సిటీకి చెందిన ఓపెన్‌స్టాక్స్ 2012 నుంచి కాలేజీ పుస్తకాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తోంది. కాల్క్యులస్ మూడు సంపుటాలూ అందులో ఉన్నాయి. మీ ప్రొఫెసర్ వేరే పుస్తకం చెప్పినా, అర్థంకాని పాఠాన్ని ఇంకో తీరులో చదువుకోవడానికి ఇవి అక్కరకొస్తాయి.

అసలు పుస్తకమే లేకుండా నెట్టుకురావచ్చా? అమెరికా ప్రభుత్వ నిర్వచనం ప్రకారం ఒక్కో క్రెడిట్‌కు వారానికి గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల చదువు. నాలుగు క్రెడిట్ల కోర్సుకు 15 వారాల్లో ఆ బయటి చదువే 120 గంటలు. అన్ని గంటలు పిల్లల పక్కన కూర్చునేది పుస్తకమే. అద్దెకు తెచ్చినా, లైబ్రరీలో చదివినా, ఉచితంగా దించుకున్నా సరే, మొదటి వారానికల్లా వాళ్ల చేతిలో ఉండేలా చూడండి.