కిటికీకి పూచీ ఎవరు?

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. కట్టిన యింటికి కిటికీలు మార్చి చూడుమని వారు చెప్పలేదు. చెప్పవలసిన అవసరము వారికి కలుగలేదు. తాత పెట్టించిన టేకు కిటికీ మనుమని కాలమునకు కూడ నిలిచియుండెడిది. చెడినచో ఒక ఊచయో, ఒక రెక్కయో, ఒక మడతబందో మార్చిన సరిపోయెడిది. నేడు హైదరాబాదు మొదలు విశాఖపట్టణము వరకు ఏ వీధిలో చూచినను పాత కిటికీలు ఊడదీసి, వాని చోట తెల్లని ప్లాస్టిక్కు చట్రములనో, నల్లని అల్యూమినియపు చట్రములనో బిగించుచున్నారు. పింఛను సొమ్ములో కొంత, పిల్లలు పంపిన సొమ్ములో కొంత కలిపి ఈ పనికి పూనుకొను గృహస్థును మొదట బాధించు సందేహ మొక్కటే: ఇన్ని కంపెనీలలో దేనిని నమ్మవలెను?

సమాధానము వెదకుటకు ముందు అసలు కిటికీ యెందులకో ఒకసారి తలచుకొనుట మేలు. అమరసింహుడు వాతాయనమును, గవాక్షమును పర్యాయపదములుగా చెప్పినాడు. వాతాయన మనగా గాలి నడచు త్రోవ. గవాక్ష మనగా గోవు కన్ను. గో శబ్దమునకు అక్ష శబ్దము చేరి గవాక్ష మగుట సంధిపాఠమున విద్యార్థులకు చెప్పెడి మాటయే. ఇంగ్లీషువారి 'విండో' కూడ ప్రాచీన నార్సు భాషలో 'గాలి కన్ను' అను అర్థము గల పదము నుండి వచ్చినది. దేశములు వేరైనను, భాషలు వేరైనను మనుష్యుడు కిటికీని కన్నుగాను, గాలి త్రోవగాను భావించినాడు. కొత్త కిటికీని పరీక్షించుటకు గీటురాయి ఈ పేర్లలోనే యున్నది. పలకలు ప్రక్కకు జరుగు రెండు రెక్కల కిటికీ ఎంత తెరచినను సగమే తెరచుకొనును. రెక్కలు బయటికి తెరచుకొను కిటికీ ఇంచుమించు పూర్తిగా తెరచుకొనును. నాలుగడుగుల కిటికీకి సొమ్ము చెల్లించి రెండడుగుల గాలి తెచ్చుకొన్న సంగతి వేసవి రాత్రి కరెంటు పోయినపుడు గాని తెలియదు. స్థలము చాలనిచోట జరుగు కిటికీయే మేలు కావచ్చును. కాని ఆ సంగతి మన మడుగకముందే చెప్పిన కంపెనీకి ఒక మార్కు వేయవచ్చును.

పూర్వము ఈ పనికి వడ్రంగి యుండెడివాడు. కొలత, కోత, చిత్రిక, బిగింపు అన్నియు నతనివే. తొలకరికి చెక్క ఉబ్బి రెక్క పట్టుకొన్నచో, కబురంపిన వచ్చి నాలుగు చిత్రికలు పట్టి పోయెడివాడు. పూర్వకాలపు వడ్రంగులందరు సత్యసంధులని నే ననను. అయితే అతడు మన యూరివాడు. మరునాడు సంతలోనో, గుడివద్దనో మన కంటబడక తప్పనివాడు. పని చెడినచో వీధి వీధికి తెలియును. ఆ మొగమోటమే అతని పూచీకత్తు. దానికి కాగిత మక్కర లేకపోయెను.

నేటి కిటికీకి ఒక చేయి కాదు, ఐదు చేతులు. చట్రమునకు కావలసిన బద్దలు తయారుచేయువా రొకరు. గాజు చేయువా రొకరు. బద్దలు కోసి, అతికి కిటికీగా కూర్చువా రొకరు. అమ్మువా రొకరు. ఇంటికి వచ్చి గోడలో బిగించువా రొకరు. ఈ పనులన్నియు తామే చేయు కంపెనీలును లేకపోలేదు గాని, ప్రకటనలో కనబడు పెద్ద పేరు పలుచోట్ల మొదటివారిది. మన గుమ్మము తొక్కు మనుష్యుడు చివరివాడు. వాన నీరు లోనికి వచ్చిననాడు బద్దలవారు బిగింపు దోషమందురు. బిగించినవారు గోడ దోషమందురు. అమ్మినవారు ఫోను తీయరు. కావున కంపెనీని ఎన్నుకొనుట యనగా, ఈ ఐదుగురి తరపున "పూచీ నాది" అని వ్రాసియిచ్చు ఒక్కరిని ఎన్నుకొనుట. నేను చెప్పదలచిన దంతయు ఈ ఒక్క మాటయే. తక్కినది దీనికి వివరణము.

మొదటి పరీక్ష: కిటికీ మార్చవలసిన అవసరమున్నదా? టేకు చేవ చెదలను బాగుగా తట్టుకొనును. రంగు పోయినను, రెక్క వదులైనను, ఊచలు త్రుప్పుపట్టినను చట్రము గట్టిగా నుండవచ్చును. సూదిమొనతో అడుగు చెక్కను, మూలలను పొడిచి చూచిన తెలియును. మొన సులువుగా దిగినచోటనే చివుకు. రెండు కిటికీలు మార్చి నాలుగు బాగుచేయించిన సరిపోవుచోట ఆరింటిని మార్చుమని తొందరపెట్టువాడు మన హితవు కోరువాడు కాడు. మార్చవలసియే వచ్చినచో ఊడదీసిన టేకును చెత్తక్రింద వదలిపెట్టరాదు. పాత టేకు వెలగల వస్తువు. "పాతవి మేమే తీసికొని పోదుము" అను మాట ఉపకారమువలె వినబడును. ఆ కర్రకు ఎంత కట్టినారో అంచనా కాగితములో చూపుమనవలెను.

రెండవది సరకు. యు.పి.వి.సి. యనునది మనము నీటి గొట్టములకు వాడు పదార్థమునకు చుట్టము. మెత్తదనము కొరకు ఏమియు కలుపనిది. దీనితో కిటికీలు చేయుట 1950ల నాటి జర్మనీలో మొదలైనది. ఎండకు చెడకుండుటకు ఇందు టైటానియం డయాక్సైడు కలుపుదురు. ఈ బద్దలు లోపల బోలుగా నుండును; ఆ బోలులో జింకు పూసిన ఉక్కు పట్టీని దూర్చినగాని పెద్ద కిటికీ వంగక నిలువదు. ఆ ఉక్కు కిటికీ పూర్తియైన పిమ్మట కంటికి కనబడదు. కావుననే ధర తగ్గింపదలచినవారు దానిని తగ్గించుట సులభము. కోసిన ముక్క నొకదానిని తెచ్చి చూపుమని అడుగవలెను. ఈ పదార్థము వేడికి వ్యాకోచించును: రెండు మీటర్ల బద్ద 30 డిగ్రీల తేడాకు సుమారు 4 మిల్లీమీటర్లు సాగును. గోడకు, చట్రమునకు నడుమ తగిన సందు విడిచి, సాగుటకు వీలైన సిలికోనుతో పూడ్చనిచో రెండు వేసవులలో మూలలు పట్టుకొనును.

అల్యూమినియపు చట్రము సన్ననిది, బలమైనది. వెలుగు నెక్కువగా రానిచ్చును. కాని లోహము గనుక పడమటి ఎండ వేడిని త్వరగా లోనికి చేర్చును. సముద్రతీరమున ఉప్పుగాలికి పైపూత నాణ్యతయే దాని ఆయుర్దాయము. ఏది శ్రేష్ఠమను ప్రశ్నకు ఒక్క సమాధానము లేదు. ఇల్లెక్కడ, గోడ యే దిక్కు, కిటికీ ఎంత అని విచారింపక "మా సరకే శ్రేష్ఠము" అనువాడు అమ్మకగాడు గాని పనివాడు కాడు.

గాజు సంగతి కూడ అడుగవలసినదే. ఒక చదరపు మీటరు గాజు మిల్లీమీటరు మందమునకు రెండున్నర కిలోలు తూగును. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు గల కిటికీకి 5 మిల్లీమీటర్ల గాజు వేసినచో గాజే సుమారు 23 కిలోలు. ఈ బరువును ప్రతిదినము మోసి జరుపునవి అడుగున నున్న చిన్న చక్రములు. వృద్ధులున్న యింట ఆ చక్రములు ఎంత బరువునకు చేసినవో తెలిసికొనక కిటికీ కొనరాదు. పిల్లలు తిరుగుచోట టెంపరు చేసిన గాజు మేలు. దానిని 600 డిగ్రీలకు పైగా కాచి, హఠాత్తుగా గాలితో చల్లార్చుదురు. అది మామూలు గాజుకంటె నాలుగైదు రెట్లు బలమైనది. పగిలినను కత్తులవలె చీలక చిన్న చిన్న పలుకులుగా రాలును. ఇట్టి భద్రపు గాజునకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 2553; పలక మూలనుండు ముద్రను చూచుకొనవచ్చును. అయితే టెంపరు చేసిన పిమ్మట గాజును కోయుటకు వీలులేదు. కొలత తప్పినచో పలక వ్యర్థమే.

కావున మూడవ పరీక్ష కొలత. మా యింటికి కొలతలకు ముగ్గురు వచ్చిరి. మొదటివాడు ఫోనులో బొమ్మ తీసికొని, గడపలోనే ధర చెప్పెను. రెండవవాడు వెడల్పు నొకచోట, ఎత్తు నొకచోట కొలిచి వ్రాసికొనెను. మూడవవాడు వెడల్పును మూడుచోట్ల, ఎత్తును మూడుచోట్ల, కర్ణములు రెండింటిని కొలిచి, తల బయటపెట్టి పైనున్న సజ్జాను కూడ చూచెను. పైవెడల్పునకు క్రిందివెడల్పునకు అరంగుళము తేడా వచ్చినది. "మాస్టారూ, గోడ వంకరగా ఉందండి. చట్రం వంకరగా పెట్టలేం కదా. ఆ తేడా ఎక్కడ పూడుస్తామో ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత మీరడిగితే బాగుండదు" అనెను. ముగ్గురిలో ధర అతనిదే ఎక్కువ. పని అతనికే ఇచ్చితిమి. మన గోడలోని లోపమును మనకు ముందుగా చూపినవాడు తన పనిలోని లోపమును కూడ దాచడను నమ్మకము కలిగినది.

నాలుగవది గాలివాన. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు ఎన్నో మేడల గాజు పలకలు పగిలినవి. కట్టడములపై గాలి ఒత్తిడిని లెక్కించుటకు ఐ.ఎస్. 875 మూడవ భాగమున ఊరూరికి మూల వేగము చెప్పబడియున్నది: విశాఖపట్టణమునకు, విజయవాడకు సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు, హైదరాబాదునకు 44, కర్నూలునకు 39. ఎత్తు పెరిగినకొలది లెక్క పెరుగును. "మా యూరికి, మా అంతస్తుకు ఏ వేగమును లెక్కించి ఈ గాజు మందమును, ఈ ఉక్కును నిర్ణయించినారు?" అని యడుగుడు. కర్నూలునకు చాలినది విశాఖకు చాలదని తెలిసిన కంపెనీ సమాధానము చెప్పును; తెలియనిది నవ్వి ఊరకుండును.

గాలివెంట వాన వచ్చును. జరుగు కిటికీ అడుగు కాలువలో నీరు నిలుచుట సహజము. అది బయటికి పోవుటకు చట్రమున చిన్న రంధ్రములుండును. బిగించువారు తొందరలో వానిని సిమెంటుతోనో, సిలికోనుతోనో మూసివేసినచో నీరు ఇంటిలోనికే వచ్చును. కిటికీ క్రింది గట్టు బయటికి వాలుగా నుండవలెను. ఇవి ఖరీదైన సంగతులు కావు, శ్రద్ధకు సంబంధించినవి. పని ముగిసిననాడు గొట్టముతో బయటినుండి నీరు కొట్టించి చూచిన పిమ్మటనే ఆఖరు వాయిదా చెల్లించుట మంచిది. సొమ్మంతయు ముందే ముట్టజెప్పినచో మన చేతిలో మిగులునది బ్రతిమాలుట యొక్కటే.

ఇక కాగితము. అంచనాలో బద్దల పేరు, ఉక్కు మందము, గాజు రకము, చక్రములు, దోమతెర, పాతవి తీయు కూలి, గోడ మరమ్మతు వేరువేరుగా నుండవలెను. "చదరపు అడుగు ఇంత" అను ఒక్క పంక్తిలో దాగనిది లేదు. పూచీపత్రమునందు చట్రమున కెన్నేండ్లు, గాజున కెన్నేండ్లు, చక్రముల కెన్నేండ్లు, అన్నిటికంటె ముఖ్యముగా బిగింపున కెన్నేండ్లు అని వ్రాయించుకొనవలెను. పెద్ద అక్షరములలో నున్న సంవత్సరములు కొన్నియెడల బద్దల రంగునకు మాత్రమే చెల్లును. జి.ఎస్.టి. సంఖ్య గల బిల్లు తప్పక తీసికొనవలెను. బిల్లు లేకుండ ఇచ్చు తగ్గింపు, రేపు సాక్ష్యము లేకుండ చేయుటకు ఈనాడు చెల్లించు లంచము వంటిది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకైనచో జిల్లా కమిషను విచారించును. 5 లక్షల వరకు రుసుము లేదు. వివాదకారణము కలిగిన రెండేండ్లలోగా ఫిర్యాదు చేయవలెను. 1915 సంఖ్యకు ఫోను చేసియు సలహా పొందవచ్చును. కాని చట్ట మడుగునది కాగితమునే.

కడపటి మాట. ఆ కంపెనీవారు మూడేండ్ల క్రిందట కిటికీలు పెట్టిన ఇండ్లు రెండింటిని చూపుమని యడిగి, వెళ్లి చూడవలెను. అక్కడ కిటికీ నిగనిగను చూచుట కాదు, "పిలిచిన వచ్చినారా?" అని ఆ యింటి ఇల్లాలి నడుగవలెను. ప్రతి ఉదయము రెక్క తీసి, ప్రతి రాత్రి మూయు ఆమెకు తెలిసినంత ఏ ప్రకటనకును తెలియదు.

వడ్రంగికి ముఖమే పూచీ. కంపెనీకి సంతకము పూచీ. ముఖము కనుమరుగైన కాలమున సంతకమును అడిగి తీసికొనుట అనుమానము కాదు, మర్యాద. కిటికీ మంచిచెడ్డలు దుకాణములో తేలవు. తొలి జడివాన కురిసిన రాత్రి తేలును. ఆ రాత్రి ఎవరిని పిలువవలెనో ముందే తెలిసికొన్నవాని యింట గాలికి త్రోవ యుండును, కంటికి నిద్ర యుండును.