పాత కారు మలుపులో తూలుటకు కారణమేమి?

జట్కా నెక్కినవారికిని, ఎద్దుబండి నెక్కినవారికిని ఒక భేదము ఎవరును చెప్పనక్కరలేకయే తెలియును. ఎద్దుబండి యిరుసు బండిచట్రమునకు నేరుగా బిగింపబడి యుండును. చక్రము రాతిమీది కెక్కినచో మనమును దానితోపాటు ఎగిరిపడుదుము. జట్కాకు ఇరుసునకును పైపెట్టెకును నడుమ ఉక్కు కమానులు కలవు. అవి వంగి, దెబ్బలో చాల భాగమును తాము సహించి, మిగిలినదానిని మాత్రమే మనకు అందజేయును. మోటారుకారునందలి మూలసూత్రము కూడ ఇదియే. 1804లో ఇంగ్లండునందు ఒబదయా ఎలియట్ అనునతడు గుర్రపుబండ్ల నిమిత్తము పేటెంటు పొందిన కమానునకును, నేటి లారీ వెనుకభాగమున కనిపించు కమానుకట్టకును దగ్గర చుట్టరికము కలదు.

ఈ వ్యాసమునకు అంబాసడరు కారును ఉదాహరణముగా గైకొందము. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు ననుసరించి హిందూస్తాన్ మోటార్సు వారు కలకత్తా చెంతనున్న ఉత్తరపారాలో దీనిని 1957 మొదలు 2014 వరకు తయారుచేసిరి. తయారీ నిలిచినను, తాతగారు కొన్న కారును మనుమలు నడుపుచున్న యిండ్లు నేటికిని కలవు. అట్టి యిండ్లలో తరచుగా వినబడు మాట యొకటి: “ఇంజను బాగుగనే యున్నది గాని, మలుపులో కారు తూలుచున్నది.” ఆ తూలుటను పెద్దవారు కారు వయస్సునకు అంటగట్టి ఊరకుందురు. అది సరికాదు. అరిగినవి కొన్ని చిన్న భాగములు, వానిని మార్చవచ్చును.

అంబాసడరు వెనుకచక్రములను మోయునవి పట్టీ కమానులు. ముందుచక్రములకు కమానులు లేవు. వానికి బదులు టార్షన్ బార్లు అను పొడవైన ఉక్కుకడ్డీలు కలవు. కడ్డీ యొక్క ఒక కొన చట్రమునకు కదలకుండ బిగింపబడి, రెండవ కొన చక్రమును పట్టియుంచు చేతికి తగిలింపబడి యుండును. చక్రము పైకి లేచినపుడు కడ్డీ మెలిపడి, మరల తన పూర్వస్థితికి వచ్చుటకు పెనుగులాడును. ఆ పెనుగులాటయే స్ప్రింగు పని. బలమునకు తగినంతగనే స్ప్రింగు సాగునని 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన నియమమును మీరు భౌతికశాస్త్రమున చదివియుందురు. వంగు కమానునకును, మెలిపడు కడ్డీకిని కూడ ఆ నియమమే వర్తించును.

అయితే స్ప్రింగునకు ఒక దుర్గుణము కలదు. ఉయ్యాలను ఒక్కసారి ఊపి విడిచినచో అది వెంటనే నిలువదు గదా! స్ప్రింగుపై నిలిచిన కారును అట్లే ఊగుచుండును. సామాన్యముగా కారు పెట్టె క్షణమునకు ఒకటి, ఒకటిన్నర మారులు ఊగును. క్రిందనున్న చక్రమో, అంతకు ఎన్నోరెట్లు వేగముగా అదరును. ఈ ఊపును అణచుటకే షాక్ అబ్జార్బరు ఏర్పడినది. దానిలోని నూనె సన్నని రంధ్రముల గుండ బలవంతముగా నెట్టబడి, ఊపులోని శక్తిని వేడిమిగా మార్చును. గతుకుల దారిలో చాల దూరము నడచిన పిమ్మట షాక్ అబ్జార్బరు వేడిగా నుండుటకు ఇదియే హేతువు. లోపలి సీలు అరిగి నూనె కారిపోయినచో ఊపు నణచువాడు లేడు. చక్రము నేలను వదలి గంతులు వేయును. నేలను తాకని చక్రమునకు స్టీరింగుతోను పనిలేదు, బ్రేకుతోను పనిలేదు. కావున షాక్ అబ్జార్బరును కేవలము సుఖమునకు సంబంధించిన వస్తువుగా తలచుట పొరపాటు. వానలో తడిసిన ఘాటురోడ్డుపై కుటుంబమంతయు కూర్చున్న కారు ఆగవలసినచోట ఆగుటకు అది కావలెను.

ఇక రబ్బరు బుష్షులు. మన ప్రాంతపు వర్క్‌షాపులలో ఒకరు కన్నడమును, ఒకరు తమిళమును, ఒకరు తెలుగును మాటలాడినను, బుష్షు అను మాట మాత్రము అందరి నోటను ఒక్కటియే. చట్రమునకును చక్రపు చేతులకును నడుమ, కమాను కొనల కన్నులలోను ఇవి యుండును. మన కీళ్లలోని మృదులాస్థి వంటివి. కాలక్రమమున ఎండకు, నూనెకు, వయస్సునకు ఇవి గట్టిపడి పగులును. అప్పుడు బ్రేకు వేసినంతనే చక్రము తన దిశ నించుక మార్చుకొనును. అంబాసడరు వెనుక ఇరుసును ముందువెనుకలకును ప్రక్కలకును పట్టియుంచునది కమానులే యగుటచేత, అచటి బుష్షులు అరిగినచో వెనుకచక్రములు కూడ తమంత తాము కారును కొద్దిగా త్రిప్పుచుండును. తోలువాడు స్టీరింగును ఒకవైపు త్రిప్పగా, వెనుకభాగము ఆలసించి వచ్చి తోకవలె ఊగుట దీని లక్షణము. నా యభిప్రాయమున, పాత కారుపై వెచ్చించు ధనములో మొదటిభాగము బుష్షులకే చెందవలెను. వెల స్వల్పము, ఫలము మిక్కుటము.

పరీక్షించుట యెట్లు? మొదట టైర్ల గాలి చూడవలెను; తక్కువ గాలి చేయు అల్లరిని కమానులపై మోపరాదు. కారును చదునైన నేలపై నిలిపి, చక్రపు నడిమినుండి మడ్‌గార్డు అంచువరకు నాలుగు మూలలను కొలిచి, ఎడమకుడులను పోల్చవలెను. ఒకవైపు తగ్గినచో అచటి కమానో, కడ్డీయో క్రుంగినది. పెండ్లివారిని ఎనిమిది మందిని, వారి పెట్టెలను ఎక్కించుకొని ఊరూర తిరిగిన కారునకు వెనుకభాగము క్రుంగుట వింతకాదు! పిమ్మట ఒక మూలను బలముగ అదిమి విడువవలెను. పైకి లేచి, ఒక్కమారు దిగి నిలిచినచో మేలు. ఊగుచునే యున్నచో షాక్ అబ్జార్బరు పనియైపోయినది. కాని ఈ పరీక్ష పూర్తిగ చెడినదానినే పట్టియిచ్చును, సగము చెడినదానిని పట్టదు. పైగా త్రుప్పుపట్టిన కమాను పట్టీలు ఒకదానినొకటి ఒరసికొని తామే ఊపు నాపుటవలన, చెడినది మంచిదిగ తోచును. షాక్ అబ్జార్బరుపై నూనెతడి, టైరుపై అచ్చటచ్చట గుంటలుగ ఏర్పడిన అరుగుదల, ఇవి ఇంతకన్న నమ్మదగిన సాక్షులు.

మరమ్మతులో కొన్ని దురలవాటులు కలవు. కమాను క్రుంగినదని అదనముగ ఒక పట్టీ చేర్చుట వానిలో నొకటి. ఎత్తు పెరుగును, నిజమే. కాని వెనుకభాగము కఱకై, ఖాళీ కారు మలుపులో సులభముగ జారును. కమానును కొలిమిలో కాల్చి వంచుట మరియొకటి. వేడిచేసిన ఉక్కును మరల పద్ధతిప్రకారము చల్లార్చి పదును పెట్టనిచో దాని సత్తువ పోవును. కొలదిదినములలో మరల క్రుంగును, లేదా విరుగును. విరిగిన పట్టీకి వెల్డింగు పనికిరాదు. టార్షన్ బారును సుత్తితో కొట్టరాదు, గీతపడనీయరాదు. చిన్నగీత నుండియే పగులు ఆరంభమగును. ఎడమ కడ్డీని కుడివైపునకు మార్చరాదు, ఏలయన ఒకే దిశలో మెలిపడుట కలవాటుపడిన ఉక్కు అది. కమానులనైనను, షాక్ అబ్జార్బర్లనైనను ఒక ఇరుసునకు జతగా మార్చవలెను.

బుష్షులు బిగించుటలో ఒక మెలకువ కలదు. పెక్కు వర్క్‌షాపులలో కారును పైకెత్తి, చక్రములు వ్రేలాడుచుండగనే బోల్టులను గట్టిగ బిగింతురు. కారును దింపినంతనే రబ్బరు మెలిపడి, ఎల్లప్పుడు ఆ మెలికలోనే యుండి, త్వరలో చినుగును. బోల్టులను వదులుగ నుంచి, కారును నేలపై దింపి, బరువంతయు చక్రములపై పడిన పిమ్మటనే తుది బిగింపు చేయవలెను. ఎక్కించునపుడు గ్రీజు పూయక సబ్బునీరు వాడవలెను. గ్రీజు రబ్బరును ఉబ్బజేసి చెరచును. నేడు లభించు పాలీయురితేను బుష్షులు ఎక్కువకాలము మన్నును గాని, రోడ్డు మోతను లోనికి తెచ్చును. ఇంటికారునకు రబ్బరే చాలును.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. జాకీ ఒక్కదానిపై నిలిచిన కారు క్రింద ఎన్నడును దూరరాదు, స్టాండులు తప్పనిసరి. మెలిపడిన టార్షన్ బారునందును, ప్రీమియర్ పద్మిని ముందుభాగమున నుండు చుట్టు స్ప్రింగునందును ప్రాణములు తీయగల శక్తి దాగియుండును. వానిని విప్పుట నేర్చినవారి పని. కొలుచుట, చూచుట, వ్రాసికొనుట మీ పని.

అన్నియు మార్చిన పిమ్మట ముందుచక్రముల అలైన్‌మెంటు సరిచూపవలెను. ఎత్తు మారినచో చక్రముల కోణములును మారును. ఇరుసును కమానునకు బంధించు యూ బోల్టులు క్రొత్త పట్టీలు సర్దుకొనినకొలది వదులగును. అవి వదులైనచో నడిమిబోల్టు తెగి, ఇరుసే ప్రక్కకు జరుగవచ్చును. కొన్ని వందల కిలోమీటర్లు నడచిన తరువాత వానిని మరల బిగింపింపవలెను. పట్టు కాలము పది నిమిషములే. కాని యజమాని అడుగనిదే చాలచోట్ల ఎవరును ఆ పని చేయరు.