మందు తెచ్చిన మేని మార్పు

చిత్తూరు సీమలో పలుకరింపు మేనితో మొదలగును. మదనపల్లె టమాటా మార్కెట్టు కడ గాని, పుంగనూరు బస్టాండులో గాని, కుప్పము రైల్వే స్టేషనులో గాని చాలనాళ్ళకు కలిసికొన్న స్త్రీలిరువురు ముందుగా కుశలమడుగరు. “ఏమక్కా, ఇట్ల చిక్కిపోయినావే!” అని యొకతె యనును. “నువ్వు మాత్రం బాగా ఒళ్ళు చేసినావులే!” అని రెండవ యామె బదులు చెప్పును. ఇందు ద్వేషమేమియు లేదు. ఇది మా సీమలో ప్రేమ చూపు పద్ధతియే. కాని యీ మాట విని యింటికి వచ్చి, తలుపు వేసికొని, అద్దము ముందు నిలిచి కంటతడి పెట్టు స్త్రీలు మన నడుమ గలరు. వారు హెచ్.ఐ.వి. కి మందు పుచ్చుకొనువారు. చెక్కిళ్ళేల లోనికి పోయినవో, పొట్ట యేల ముందునకు వచ్చినదో వారెరుగుదురు; ఒరులతో చెప్పుకొనజాలరు. వారి కొరకును, వారిని పలుకరించు మన కొరకును ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఈ మార్పునకు వైద్యులు లైపోడిస్ట్రఫీ యని పేరు పెట్టిరి. మన మాటలలో కొవ్వు చోటు తప్పుట యనవచ్చును. చర్మము క్రింద మెత్తగా నుండి మేనికి నిండుదనమిచ్చు కొవ్వు చెక్కిళ్ళలోను, చేతులలోను, కాళ్ళలోను, పిరుదులలోను కరగిపోవును. చేతులమీది నరములు త్రాళ్ళవలె తేలును. మరికొందరికి కడుపులోపల, పేగుల చుట్టును కొవ్వు పేరుకొని పొట్ట గట్టిగా ముందునకు వచ్చును. రొమ్ములు పెరుగుటయు, మెడ వెనుక చిన్న మూపురము వంటిది లేచుటయు గలదు. ఒకే స్త్రీకి ఈ రెండు విధములును కలిసి రావచ్చును. అప్పుడు తూకపు యంత్రము పాత బరువునే చూపును గాని, రవికె చేతులు వదులై ముందరి హుక్కులు కలియకుండును. ఇది వ్యాధి ముదిరినదనుటకు గుర్తు కాదు. అయితే బరువే తగ్గిపోవుచు, జ్వరమో విరేచనములో దగ్గో వదలకున్నచో అది వేరు సంగతి; ఆలసింపక వైద్యునికి చూపవలెను.

ఈ మార్పు ఎట్లు వచ్చినదో తెలిసికొన్నచో సగము భయము తీరును. మన దేశమున ఈ వ్యాధి యున్నట్లు మొదట తెలిసినది 1986 లో. మద్రాసులో తీసిన రక్తమును పరీక్షించినది మన చిత్తూరునకు పొరుగుననే యున్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో. పదియేండ్ల తరువాత మూడు మందులు కలిపి యిచ్చు చికిత్స వచ్చి, చావవలసినవారిని లేపి కూర్చుండబెట్టినది. 1998 లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ వైద్యులు, మందు పుచ్చుకొనువారి చెక్కిళ్ళు కరగుటను, పొట్ట పెరుగుటను విపులముగా వర్ణించిరి. మొదట ఒక జాతి మందులమీద నేరము మోపబడినది. చర్మము క్రింది కొవ్వు కరగుటకు ముఖ్య కారణము స్టావుడిన్ అనియు, దానికి తరువాతి స్థానము జిడోవుడిన్‌ది యనియు పిమ్మట తేలినది. దాదాపు ప్రతి కణములోను ఆహారమును శక్తిగా మార్చు మైటోకాండ్రియా యను చిన్న పొయ్యిలు గలవు. ఈ మందులు కొవ్వు కణములలోని యా పొయ్యిలను చెరచును. పొయ్యి ఆరిన యిల్లు నిలుచునా?

మరి యిట్టి మందు నేల యిచ్చిరని పాఠకురాండ్రడుగవచ్చును. 2001 లో ముంబయి సిప్లా సంస్థ, స్టావుడిన్ కలిసిన మూడు మందుల చికిత్సను దినమునకొక డాలరు లోపు వెలకు పేద దేశములకిచ్చుటకు ముందుకు వచ్చినది. అంతకు ముందు ఆ చికిత్స ధనవంతుల దేశములకే చెల్లెడిది. 2004 ఏప్రిల్ 1 వ తేదీన మన ప్రభుత్వము మందులు ఉచితముగా పంచుట ప్రారంభించెను. జిడోవుడిన్ రక్తమును తగ్గించును. కావున రక్తహీనత గలవారికి స్టావుడిన్ ఇచ్చుచుండిరి. మన స్త్రీలలో రక్తహీనత ఎంత వ్యాపించినదో చెప్పనక్కరలేదు. వారి ప్రాణము నిలిపినదియు ఆ మాత్రయే, చెక్కిళ్ళు తీసికొన్నదియు ఆ మాత్రయే. 2009 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్టావుడిన్ వాడుకను క్రమముగా మానవలసినదని చెప్పినది. పిదప మన దేశమునను అది తొలగినది. కాని పోయిన చెక్కిళ్ళు మాత్రము పలువురకు పూర్తిగా తిరిగి రాలేదు.

మా సీమ స్త్రీలకు ఈ బాధ మరింత యెక్కువ యగుటకొక కారణము గలదని మాకు తోచుచున్నది. మదనపల్లె కడనున్న ఆరోగ్యవరము ఒకప్పుడు దక్షిణ దేశమునకెల్ల పేరెన్నికగన్న క్షయ చికిత్సాలయము. క్షయ యను మాటకే తరుగుట యని యర్థము. ఆ కాలమున వ్యాధిగ్రస్తుని బరువు పెరిగెనా తగ్గెనా యనునదే యింటివారి ఆశకును, నిరాశకును కొలత. ఆ చూపు తాతమ్మలనుండి మనకు వచ్చినది. చిక్కిన ముఖము కనబడినచో “దీనికేమో జబ్బు” అనుకొనుట మా వీథుల వాడుక. కావున ఈ మందు చెక్కిలిని తగ్గించినప్పుడు, స్త్రీ దాచుకొన్న సంగతిని ముఖమే వీథిలో చాటుచున్నట్లగును. తెలిసినవారు చూతురేమో యని పొరుగూరి కేంద్రమునకు పోయి మందు తెచ్చుకొనువారికి ఇది యెంతటి శిక్షయో యోచింపుడు.

ఇప్పుడు కథ మరియొక వైపునకు తిరిగినది. 2019 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ డోలుటెగ్రవిర్ అను మందును మొదటి వరుసలో నిలిపినది. మన కేంద్రములలోను నేడు సాధారణముగా ఇచ్చునది దానిని చేర్చిన మాత్రయే. ఇది చెక్కిళ్ళను కరగింపదు. కాని దీనిని పుచ్చుకొను కొందరికి, పురుషులకంటె స్త్రీలకెక్కువగా, మేనంతయు బరువెక్కుచున్నట్లు ఆఫ్రికాలోను, ఇతర దేశములలోను గమనించిరి. వ్యాధిచే చిక్కినవారికి మందుతో కొంత బరువు వచ్చుట ఆరోగ్యమే. ఆ మేర దాటినచో చక్కెర వ్యాధికిని, రక్తపు పోటునకును దారి యగును.

ఇందలి అపాయము అద్దములో కనబడునది కాదు. “ఈ మాత్ర మానివేసినచో నా ముఖము నాకు వచ్చును” అను తలంపే అపాయము. మందు మానిన కొలది వారములలోనే వైరసు తిరిగి పెరుగును. మాని, మరల పట్టి, మరల మానినచో వైరసు ఆ మందునకు లొంగకపోవచ్చును. పరీక్షలో వైరసు కనబడనంతగా అణగియున్నవారినుండి దాంపత్యమున భర్తకు గాని భార్యకు గాని అది సోకదు. మందు మానినచో ఆ రక్షణయు పోవును. ఇంతయు పోగొట్టుకొన్నను చెక్కిళ్ళు వెంటనే రావు. కనుక మానదలచిన సోదరి మానుటకు ముందే వైద్యునితో “నా మేను మారినది, వేరొక మందు గలదా?” అని యడుగవలెను. జిడోవుడిన్ పుచ్చుకొనువారు ఇప్పటికిని గలరు. వారికి మార్చదగిన మందులున్నవి. కొవ్వు పూర్తిగా కరగకముందే మార్చుట మేలు. పోయినది నెలలు, సంవత్సరములు పట్టి కొంతమట్టుకే తిరిగి వచ్చును. చక్కెర, కొలెస్టరాలు పరీక్షలు కూడ చేయించుకొనవలెను.

ఇంటిలో చేయదగినవి కొన్ని గలవు. పొట్ట తగ్గుటకని అన్నము మాని యుపవాసములుండరాదు. అట్లు చేసినచో చేతులు, ముఖము మరింత చిక్కవచ్చును. రాగి సంగటి, అలసందలు, ఆకుకూరలు, గ్రుడ్డు మన సీమలో అందునవే; తీపియు, మరుగ కాచిన నూనెయే తగ్గించుకొనవలెను. (పుంగనూరు పొట్టి యావు పాలకు వెన్న యెక్కువ యని ప్రసిద్ధి. దానిని నిందింపబని లేదు. ఈ పొట్టకు కారణము గిన్నెలోని వెన్న యొక్కటియే కాదు.) దినమునకు అరగంట వడిగా నడచుటయు, వారమునకు రెండు మూడు మారులు చిన్న బరువులెత్తుటయు కడుపులోని కొవ్వును తగ్గించి, చేతులకు కండ నిచ్చును. సంతలలో అమ్ము సన్నబడు పొడులను తాకరాదు. డోలుటెగ్రవిర్ పుచ్చుకొనువారు ఇనుము మాత్రను గాని, సున్నపు మాత్రను గాని వేసికొన్నచో భోజనముతో రెంటిని కలిపి మ్రింగవచ్చును. కడుపు ఖాళీగా నున్నప్పుడు కలిపి మ్రింగినచో మందు ఒంటబట్టదు.

చెక్కిళ్ళలో నింపు సూదిమందులును, పొట్ట కొవ్వునకు టెసమోరెలిన్ అను సూదియు విదేశములలో గలవు. ఆ సూది ప్రతి దినము పొడుచుకొనవలెను. మానినచో కొవ్వు తిరిగి వచ్చును. సామాన్య కుటుంబమునకు ఇవి యందునవి కావు. మా మాట యడిగినచో దర్జీయే మేలు. మోచేతి వరకు చేతులు గల రవికె, ప్రక్కల వదులుకు విడిచిన కుట్టు చాలును. కారణమును దర్జీకి చెప్పనక్కరలేదు.

చెప్పవలసినదని నిర్బంధించు హక్కు ఎవ్వరికిని లేదు. 2017 లో చేయబడి 2018 సెప్టెంబరు 10 వ తేదీనుండి అమలునకు వచ్చిన చట్టము, ఈ వ్యాధి కలదను కారణమున ఉద్యోగమునుండి గాని, చికిత్సనుండి గాని, అద్దె యింటినుండి గాని త్రోసివేయుటను నిషేధించినది. సందేహములు గలవారు 1097 నంబరునకు రుసుము లేకయే ఫోను చేయవచ్చును. ఇక మనము, అనగా ఆమెను బస్టాండులో చూచినవారము, “చిక్కిపోయినావే” యను మాట నోటికి వచ్చినప్పుడు “సంగటి తింటివా అక్కా, పిల్లోళ్ళు బాగుండారా?” అని యడుగవచ్చును.

మందు పుచ్చుకొను సోదరికి మరియొక మాట. మూడు నెలలకొక మారు దర్జీ టేపుతో నడుమును, మోచేతి పైభాగమును కొలిచి, తేదీతో కాగితముపై వ్రాసికొనవలెను. “మునుపటి కంటె మారినాను” అనుటకంటె అంకెలు చూపినచో వైద్యునకు తేలికగా తెలియును. తరువాతి మందుల తేదీనాడు ఆ కాగితమును సంచిలో వేసికొని పోవలెను.